గౌను లోపలి గుడ్డ చెప్పే కథ
(రేడియో ప్రసంగ పాఠం)



ఈ వారం చరిత్ర గురించే మాట్లాడుకుందాం. కానీ రాజుల గురించీ, యుద్ధాల గురించీ కాదు. ఒక గౌను గురించి. అందులోనూ పైకి కనిపించే గుడ్డ గురించి తక్కువ, లోపల వేసే లైనింగు గురించీ, అంచుల మీద కుట్టే పట్టీల గురించీ ఎక్కువ.

ఇదేం విషయమండీ అనకండి. అమెరికాలో, ఇంగ్లండులో చదువుకునే మన పిల్లలకి బడిలో ఏదో ఒక ఏడాది పాతకాలపు వేషం కట్టవలసి వస్తుంది. 1700ల నాటి వలస రాష్ట్రాల అమ్మాయి వేషమో, నాటకంలో దొరసాని వేషమో. అప్పుడు అమ్మలు గుడ్డల కొట్టుకి వెళ్తారు. పైగుడ్డ ఏదో పువ్వులది దొరుకుతుంది. ఇక లైనింగు దగ్గరికి వచ్చేసరికి చవగ్గా వస్తుందని తళతళలాడే పాలియెస్టరు, అంచుకి బంగారు రంగు లేసు కొనేస్తారు. వేషం ముద్దుగానే ఉంటుంది. కానీ ఆ కాలంలో ఆ గుడ్డ వెనక ఏం వేసేవారు, అంచుకి ఏం కుట్టేవారు, ఎందుకలా కుట్టేవారు అని అడిగితే, ఆ జవాబు లండన్ మీదుగా, ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా తిరిగి తిరిగి చివరికి మన కృష్ణా తీరానికి చేరుతుంది. ఈ రోజు ఆ దారే పట్టుకుందాం.

ముందు పైగుడ్డ సంగతి. 1700లలో యూరప్ ఆడవాళ్ళు మోజుపడ్డ పువ్వుల నూలుగుడ్డని ఇంగ్లీషువాళ్ళు చింట్జ్ అన్నారు, డచ్చివాళ్ళు సిట్స్ అన్నారు. మన అమ్మమ్మలు అద్దకపు పువ్వులున్న పరికిణీ గుడ్డని చీటీ గుడ్డ అనేవారు, గుర్తుందా? అవన్నీ ఒక కుటుంబం మాటలే. ఆ రోజుల్లో అందులో మేలైన సరుకు కోరమాండల్ తీరం నుంచి వెళ్ళేది. ఆ తీరం మచిలీపట్నం దగ్గర్నుంచి తమిళదేశం దాకా ఉంది. డచ్చివాళ్ళు 1605, 1606 ప్రాంతంలోనే మచిలీపట్నంలోనూ, అప్పట్లో వాళ్ళు పెటాపోలి అని పిలిచిన నిజాంపట్నంలోనూ కొఠీలు పెట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నం చేరారు. తరవాత డచ్చివాళ్ళకి పాలకొల్లులో కూడా కొఠీ ఉండేది. వీళ్ళందరూ వచ్చింది ముఖ్యంగా గుడ్డల కోసమే.

ఆ గుడ్డ మీద రంగు పూసింది కాదు, గుడ్డలోకి ఎక్కించింది. కరక్కాయ రసంలో, గేదె పాలలో తడిపి ఆరబెట్టి, వెదురు కలంతో పటిక నీళ్ళు, ఇనుము ఊరబెట్టిన కసీం గీసి, చిరువేరు వేసిన నీళ్ళలో కాచేవారు. పటిక తగిలిన చోట ఎరుపు, కసీం తగిలిన చోట నలుపు వచ్చేవి. నీలం కావాలంటే మిగతా గుడ్డంతా మైనంతో కప్పి నీలిమందు తొట్టెలో ముంచేవారు. ఆకుపచ్చ కావాలంటే ఆ నీలం మీద పసుపు రంగు పూసేవారు. చివరికి గంజిపెట్టి, చితక్కొట్టి, గవ్వలాంటి నున్నటి దానితో రుద్ది మెరుపు తెచ్చేవారు. ఉతికినకొద్దీ వెలిసిపోకుండా ఉండే ఎర్రటి పువ్వు ఆనాటి యూరప్‌లో వింత. వాళ్ళకి తెలిసిన అద్దకాలు నీళ్ళు తగిలితే పోయేవి.

ఇప్పుడు లోపలికి వద్దాం. 1760 ప్రాంతంలో ఒక ఇంగ్లీషు గౌను ఎలా కుట్టేవారో చూస్తే మన జాకెట్టు కుట్టే టైలరుకి వెంటనే అర్థమవుతుంది. మొదట లైనింగు కత్తిరించేవారు. దాన్నే మనిషి ఒంటికి పెట్టి, గుండుసూదులతో బిగించి, కొలత సరిచూసేవారు. ఆ తరవాతే పైగుడ్డని ఆ లైనింగు మీద పరిచి, వీపు మీద మడతలు పెట్టి, మడతలని లైనింగుకి కలిపి కుట్టేవారు. అంటే ఒంటికి పట్టేది లైనింగు, దాని మీద వాలి కూర్చునేది పైగుడ్డ. బిగువంతా లోపలి గుడ్డ మోస్తుంది, అందమంతా పైగుడ్డ చూపిస్తుంది.

అందుకనే లైనింగుకి లినెన్ వేసేవారు. లినెన్ అంటే అవిసె మొక్క నారతో నేసిన గుడ్డ. అది సాగదు, చెమట పీల్చుకుంటుంది, గట్టిగా లాగినా చిరగదు, పైగా అక్కడి పొలాల్లో పండిన పంట. దాని పక్కన మన తీరపు నూలుగుడ్డ పలచన, మెత్తన. దాన్నే బిగించి కడితే కుట్ల దగ్గర పోగులు జరిగి విచ్చిపోతుంది. రవికకీ, చేతులకీ మాత్రమే లైనింగు ఉండేది. కింద పావడా భాగానికి మామూలుగా లైనింగు ఉండదు, లోపల వేరే పెట్టీకోట్లు ఉంటాయి కాబట్టి. రవిక కింద తిమింగలం నోటిలోని పలకలు పెట్టి కుట్టిన గట్టి కంచుకం ఉండేది. దాని కింద ఒంటికి తగిలేలా లినెన్ చొక్కా. చెమట మొదట ఆ చొక్కాకి అంటుతుంది, అది ఉతుక్కోవచ్చు. ఖరీదైన గౌనుని అస్తమానం ఉతకనక్కరలేదు.

ఆ లైనింగులని మ్యూజియాల్లో దగ్గరగా చూసినవాళ్ళు ఒక సంగతి గమనిస్తారు. చాలావాటిలో అతుకులుంటాయి. ఇక్కడో ముక్క, అక్కడో ముక్క కలిపి కుట్టినవి. చలువ చెయ్యని లినెన్ ఒక చోట, తెల్లటిది ఇంకో చోట. పైగుడ్డ కుట్లేమో కొన్నిచోట్ల పెద్ద పెద్దవిగా, ఇట్టే విప్పేటట్టు ఉంటాయి. ఇది బద్ధకం కాదు. ఆ కాలంలో కుట్టుకూలి చవక, గుడ్డ ఖరీదు. కాబట్టి గౌను అంటే ఈ ఏడాదికి ఈ రూపంలో ఉన్న గుడ్డ, అంతే. ఫ్యాషన్ మారితే విప్పి మళ్ళీ కుట్టేవారు. అమ్మ గౌను కూతురికి వచ్చేది, కూతురి గౌను పిల్ల పరికిణీ అయ్యేది. మన ఇళ్ళల్లో పట్టుచీర చిరిగితే దానితో లంగా కుట్టించినట్టే అనుకోండి. పైగుడ్డ ఎంత దూరం నుంచి వచ్చిందో, ఎంత విలువైందో ఆ లోపలి కుట్లే చెబుతాయి.

లోపలి గుడ్డ చెప్పే కథ అంతటితో ఆగదు. ఇక్కడ చట్టం కూడా వస్తుంది.

మన గుడ్డలు పోటెత్తేసరికి యూరప్‌లో ఉన్నినేత, పట్టునేతవాళ్ళకి కడుపు మండింది. ఫ్రాన్సు 1686లో అద్దకపు నూలుగుడ్డలని నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా ఉంది. ఇంగ్లండులో 1700లో చేసిన చట్టం ప్రకారం 1701 నుంచి రంగుల అద్దకపు గుడ్డలు దిగుమతి చేసుకుని దేశంలో వాడడం ఆగిపోయింది. అప్పుడు తెల్లగుడ్డ మన దగ్గర కొని లండన్‌లో అద్దకం వేయడం మొదలుపెట్టారు. నేతవాళ్ళ బాధ తీరలేదు. 1719 జూన్‌లో స్పిటల్‌ఫీల్డ్స్ నేతపనివాళ్ళు వీధుల్లోకి వచ్చి, అద్దకపు గౌన్లు వేసుకున్న ఆడవాళ్ళ మీద సిరా, ఆసిడ్ చల్లి, గౌన్లు చింపారు. అదే ఏడాది రాబిన్సన్ క్రూసో అచ్చు వేయించిన డేనియల్ డీఫో కూడా ఈ గుడ్డకి వ్యతిరేకంగా రాసినవాడే. చివరికి 1721లో ఇంకో చట్టం వచ్చింది. 1722 క్రిస్మస్ నాటి నుంచి అద్దకపు నూలుగుడ్డ కట్టుకోవడమే నేరం. కట్టుకున్నవాళ్ళకి 5 పౌన్లు జరిమానా, అది పట్టిచ్చినవాడికి వెళ్తుంది. అమ్మినవాళ్ళకి 20 పౌన్లు. ఒక ఆడమనిషి ఏ గుడ్డ కట్టుకుందో పక్కింటివాడు చూసి చెప్పి డబ్బు తీసుకోవచ్చన్నమాట!

అమెరికాలో ఉన్న శ్రోతలు ఇక్కడ ఒక మెలిక గమనించాలి. ఆ నిషేధం బ్రిటన్‌లో వాడకానికి. లండన్ గిడ్డంగుల్లో దించి మళ్ళీ బయటి దేశాలకి పంపే సరుకుకి అడ్డులేదు. అలా మన గుడ్డలు అమెరికా వలస రాష్ట్రాలకి చట్టబద్ధంగానే వెళ్ళేవి. లండన్‌లో కట్టుకుంటే జరిమానా పడే గుడ్డని వర్జీనియాలో ఒకావిడ దర్జాగా కట్టుకుని చర్చికి వెళ్ళగలిగేది. కాబట్టి 1760 నాటి వర్జీనియా అమ్మాయి వేషానికి కోరమాండల్ పువ్వుల గుడ్డ వాడితే అది కల్పన కాదు, చరిత్రకి సరిపోయేదే.

1774లో ఇంగ్లండు తన దేశంలో నేసిన పూర్తి నూలుగుడ్డల మీద అద్దకానికి అనుమతి ఇచ్చింది. అంతకు ముందు వాళ్ళు నేసేది ఎక్కువగా పడుగు లినెన్, పేక నూలు కలిసిన గుడ్డ. కొత్త గుడ్డ తమదేనని తెలియడానికి అంచు నేతలో మూడు నీలం పోగులు ఉండాలని షరతు పెట్టారు. అంచు ఎక్కడ దాగుతుంది? కుట్ల లోపల, లైనింగు పక్కన. ఇవాళ చరిత్రకారులు ఒక పాత గౌను చూసేటప్పుడు లోపలి కుట్లు వెతికి, నీలం పోగులున్నాయా లేవా అని చూస్తారు. ఉంటే ఇంగ్లీషు గుడ్డ అని పోల్చుకుంటారు. అలాగే కొన్ని భారతీయ గుడ్డల వెనక ఈస్టిండియా కంపెనీ ముద్ర ఇప్పటికీ కనిపిస్తుంది. ముందు వైపు చూస్తే రెండూ పువ్వులే. నిజం తెలిసేది తిరగేసినప్పుడే.

మన గుడ్డ మీద మాత్రం నిషేధం పోలేదు. 1775లో లండన్ నటుడు డేవిడ్ గారిక్ భార్య మంచానికి కట్టుకోవాలనుకున్న చింట్జ్ తెరలని కస్టమ్స్ వాళ్ళు పట్టుకుపోయారు. అంతటి పేరున్న నటుడు అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. ఆ మంచం ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

ఇక అంచుల సంగతి. ఇక్కడ మనవాళ్ళు చేసే మొదటి పొరపాటు బంగారు లేసు. జరీ, వెండి లేసులు దర్బారుకి వెళ్ళే పట్టు గౌన్లకి. నూలు గౌనుకి అలంకారం తక్కువ, ఎందుకంటే అలంకారం గుడ్డలోనే ఉంది. ఎక్కువగా ఆ గుడ్డతోనే సన్నటి పట్టీ తీసి మెడ దగ్గర, చేతుల అంచున కుచ్చులు పెట్టేవారు. కోరమాండల్‌లో కత్తిరించి కుట్టుకోవడానికి వీలుగా వరసగా పూలతీగల పట్టీలు గీసిన గుడ్డలు కూడా చేసేవారు. పావడా కింది అంచున పెద్ద పూలతీగ వచ్చేటట్టు ముందే కొలత ప్రకారం గీసిన గుడ్డలు డచ్చివాళ్ళు చేయించుకునేవారు. కొంగు, అంచు ముందే నేసిన మన చీర లాగా! మెడ చుట్టూ పలచటి మస్లిన్ కండువా, మోచేతి దగ్గర విడిగా తీసి ఉతుక్కునే మస్లిన్ కుచ్చు, నడుముకి పట్టు రిబ్బను. ఇంతే. కొన్నిటికి పావడా కింది అంచుకి లోపల ఉన్ని పట్టీ వేసేవారు, నేలకి రాసుకుని గుడ్డ చిరగకుండా. చీరకి ఫాల్ కుట్టించే మనకి ఇది ఎవరూ వివరించనక్కరలేదు.

రంగు ఎంచుకోవడంలో రెండు జాగ్రత్తలు. ఒకటి, మ్యూజియంలో ఉన్న గౌన్ల ఫొటోలు చూస్తే ఆకులు నీలంగా కనిపిస్తాయి. అవి నీలం ఆకులు కావు. పైన పూసిన పసుపు ఇన్నేళ్ళలో వెలిసిపోయి కింద నీలం మిగిలింది. కాబట్టి ఆ ఫొటో చూసి నీలం రిబ్బనే వెతుక్కోనక్కరలేదు, ఆకుపచ్చ రిబ్బను కూడా ఆ గౌనుకి చక్కగా సరిపోతుంది. రెండోది బెంజమిన్ ఫ్రాంక్లిన్ నేర్పిన పాఠం. ఆయన 1758లో లండన్ నుంచి భార్య డెబోరాకి గౌను కోసం 7 గజాల నీలం నేల అద్దకపు నూలుగుడ్డ పంపుతూ, దాన్ని కొవ్వొత్తి వెలుగులో కొన్నాననీ, తరవాత చూస్తే అంత నచ్చలేదనీ ఉత్తరం రాశాడు. అంత తెలివైనవాడికే అలా అయింది. కొట్లో ట్యూబులైటు కింద కాకుండా, గుడ్డనీ రిబ్బనునీ గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుగులో కలిపి చూడండి.

డచ్చివాళ్ళు ఈ గుడ్డని నిషేధించలేదు. అందుకే చాలా పాత చింట్జ్ దుస్తులు నెదర్లాండ్స్‌లో మిగిలాయి. ఆ దేశపు ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో హిండెలోపెన్ అనే చిన్న రేవు ఊరుంది. అక్కడి ఆడవాళ్ళు వెంట్కె అనే పొడుగు కోటు ఈ గుడ్డతో కుట్టించుకునేవారు. ఇంట్లో ఎవరైనా పోతే ఎరుపు మానేసి నీలం, తెలుపు పువ్వులది వేసుకునేవారు. కృష్ణాతీరపు చిరువేరు ఎరుపుని ఆ ఊళ్ళో సంతోషానికి గుర్తుగా పెట్టుకున్నారన్నమాట. లీవార్డెన్‌లోని ఫ్రీస్ మ్యూజియంలో ఇటువంటివి చూడవచ్చు. ఆ వైపు వెళ్ళేవాళ్ళు తప్పకుండా పిల్లలకి చూపించండి.

ఇప్పుడు మన ఇంటి పని. పిల్లకి అటువంటి గౌను కుట్టాలంటే ఏం కొనాలి?

పైగుడ్డకి స్వచ్ఛమైన నూలు, తెల్లటి నేల మీద తీగలు, విడివిడి పువ్వులు ఉన్నది చూడండి. మచిలీపట్నం పక్కన పెడనలో ఇప్పటికీ చెక్క అచ్చులతో కలంకారీ అద్దుతున్నారు. ఇండియా వెళ్ళినప్పుడు అక్కడి గుడ్డ తెచ్చుకుంటే ఇంకా మంచిది. అయితే బుద్ధుడి ముఖాలు, ఏనుగుల వరసలు ఉన్నవి చీరకి బాగుంటాయి కానీ ఈ గౌనుకి కుదరవు. కుట్టే ముందు ఒక మూల తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూడండి. రంగు దిగితే ముందు ఒకటి రెండుసార్లు విడిగా జాడించాలి, లేకపోతే లైనింగుకి అంటుకుంటుంది.

లైనింగుకి మధ్యస్థంగా ఉండే లినెన్, తెల్లదో చలువ చెయ్యనిదో తీసుకోండి. దొరక్కపోతే గట్టిగా నేసిన సాదా నూలుగుడ్డ చాలు. పాలియెస్టరు వద్దు. చెమట పీల్చదు, జారుతుంది, పైగుడ్డ దాని మీద నిలవదు. జాకెట్టు లైనింగుని టైలరుకిచ్చే ముందు నీళ్ళలో నానబెట్టి ఆరేసినట్టే దీన్నీ వేడినీళ్ళలో ఉతికి ఆరేసి ఇస్త్రీ చెయ్యండి. లినెన్ మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది. నిలువు పోగు నడుముకి నిలువుగా ఉండేటట్టు కత్తిరించండి. లైనింగు ముందు పిల్ల ఒంటికి సరిగ్గా కుదిరాకే పైగుడ్డ మీద కత్తెర పెట్టండి. లైనింగు గుడ్డ చాలకపోతే అతుకు వెయ్యడానికి మొహమాటపడకండి. చరిత్రలో అతుకులు తప్పు కాదు, అవే నిజం. వచ్చే ఏడు పిల్ల ఎదిగితే విప్పి సరిచెయ్యడానికి వీలుగా కుట్ల లోపల కొంచెం గుడ్డ ఎక్కువ వదలండి. అంచుకి ఆ గుడ్డతోనే తీసిన పట్టీ, చేతులకి మస్లిన్ కుచ్చు, ఒక పట్టు రిబ్బను. లేసు దుకాణం వైపు వెళ్ళనే అక్కరలేదు.

ఇంత పట్టింపు ఎందుకని మీరు అడగవచ్చు. వేషం ఒక రోజుదే కదా! నా మటుకు నాకు కారణం ఇది. ప్రపంచం నలుమూలల మ్యూజియాల్లో ఈ గౌన్ల పక్కన చీటీలుంటాయి. గౌను ఇంగ్లండులో కుట్టినది, గుడ్డ భారతదేశంలో కోరమాండల్ తీరంలో చేసినది అని రెండు ముక్కలు. కట్టుకున్న దొరసాని పేరు కొన్నిసార్లు ఉంటుంది. ఆ పువ్వు గీసినవాడి పేరు ఉండదు. చిరువేరు తవ్వి తెచ్చిన ఆవిడ పేరు ఉండదు. లండన్‌లో వేలు నొప్పెట్టేలా ఆ లైనింగు కుట్టిన కుట్టుపని అమ్మాయి పేరు కూడా ఉండదు. ఆ గౌనులో పైగుడ్డ ఒక దేశపు పేదవాళ్ళ పని, లోపలి గుడ్డ ఇంకో దేశపు పేదవాళ్ళ పని. ఆ ఇద్దరినీ ఒకరి మీద ఒకరిని ఎగదోసింది చట్టం. కలిపి ఉంచింది మాత్రం సూదీ దారమే.

దూరదేశాల్లో పెరుగుతున్న మన పిల్లలు చరిత్ర పాఠంలో తమ ఊరు ఎక్కడా లేదనుకుంటారు. వలస రాష్ట్రాల కథ తెల్లవాళ్ళది, మనది వేరే పుస్తకం అనుకుంటారు. ఆ గౌను కుట్టేటప్పుడు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, ఈ పైగుడ్డ తాతయ్యగారి ఊరికి దగ్గర నుంచి ఓడెక్కి ఇక్కడికి వచ్చేదమ్మా అని చెప్పండి. లైనింగు తిరగేసి చూపించి, ఈ లినెన్ ఇక్కడివాళ్ళదమ్మా అని కూడా చెప్పండి. బడిలో టీచరు అడిగితే అదే మాట ఆ పిల్ల తన నోటితో చెబుతుంది.

కుట్టుపని చేసే అక్కలు, అమ్మలు, ఇళ్ళల్లో పాత చీటీ గుడ్డలు దాచుకున్న మామ్మలు ఉంటే, వాటిని పెట్టెలో పెట్టే ముందు ఒక్కసారి తిరగేసి చూడండి. ముందు వైపు కంటే వెనక వైపు ఎక్కువ కబుర్లు చెబుతుంది.

వచ్చే వారం మళ్ళీ కలుసుకుందాం. అంతవరకు సెలవు. నమస్కారం.